ఎన్.బి.ఏ.లో రక్షణాత్మక ఆట క్షీణత

ఎన్.బి.ఏ.లో రక్షణాత్మక ఆట క్షీణత అనేది అమెరికాకు చెందిన వృత్తి బాస్కెట్‌బాల్ సంఘమైన నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ పోటీలలో ప్రత్యర్థిని అడ్డుకునే ఆట క్రమంగా బలహీనపడినదనే అభిప్రాయానికి, ఆ అభిప్రాయం చుట్టూ జరిగే చర్చకు వాడే మాట. 2003-04 సీజన్లో ఒక్కో జట్టు మ్యాచ్‌కు సగటున 93.4 పాయింట్లు సాధించగా, 2022-23 సీజన్ నాటికి ఆ సగటు 114.7కు చేరినది. ఒకప్పుడు ఛాంపియన్‌షిప్ నిర్ణయించే ఫైనల్స్‌లో 90 పాయింట్లు చేసిన జట్టు గెలిచేది. ఇటీవలి సీజన్లలో అన్ని పాయింట్లు మూడవ క్వార్టర్ ముగిసేలోగానే రావడం సాధారణమైనది. పూర్వ తరం ఆటగాళ్ళు, శిక్షకులు, వ్యాఖ్యాతలు అనేకులు దీనికి కారణంగా నేటి ఆటగాళ్ళ నిర్లక్ష్యాన్ని చూపుతారు.

పాయింట్లు పెరిగినమాట నిజము. ఒక్కో దాడిని ఆపగలిగే శాతం తగ్గినమాట కూడా నిజమే. అయితే రక్షకుని నైపుణ్యం తగ్గినందువలన ఇది జరిగినదని చెప్పడానికి ఆధారాలు బలహీనంగా ఉన్నవి. 1994 నుండి 2004 వరకు వచ్చిన నిబంధనల మార్పులు రక్షకుని చేతిలోని పనిముట్లను ఒకటొకటిగా తొలగించినవి. ఆ తరువాతి దశాబ్దంలో మూడు పాయింట్ల షాటు విస్తరించి, అతడు కాపలా కాయవలసిన స్థలాన్ని పెంచినది. క్షీణత అనబడుతున్నదానిలో అధిక భాగం ఈ రెండింటి ఫలితమే.

ఆట స్వరూపం

చర్చను అర్థం చేసుకోవడానికి కొన్ని మౌలిక విషయాలు అవసరం. ఎన్.బి.ఏ. మ్యాచ్ 12 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, అనగా 48 నిమిషాలు జరుగుతుంది. ఒక్కో వైపు ఐదుగురు ఆడతారు. మైదానం పొడవు 94 అడుగులు, వెడల్పు 50 అడుగులు. బుట్ట నేల నుండి 10 అడుగుల ఎత్తున ఉంటుంది. బుట్ట ముందు 16 అడుగుల వెడల్పుతో రంగు వేసిన దీర్ఘచతురస్రాన్ని పెయింట్ అంటారు. బంతి చేతికి వచ్చిన జట్టు 24 సెకన్లలోగా షాట్ వేయాలి. ఒక జట్టుకు బంతి దక్కినది మొదలు ఎదుటి జట్టుకు పోయేవరకు ఉన్న కాలాన్ని ఈ వ్యాసంలో ఒక వంతు అని వ్యవహరించడమైనది.

పాయింట్ల సంఖ్య చెప్పనిది

మ్యాచ్‌లో ఎన్ని పాయింట్లు వచ్చినవన్నది రక్షణకు కొలమానం కాదు. ఎన్.బి.ఏ. చరిత్రలో అతి తక్కువ పాయింట్లు నమోదైన మ్యాచ్ 1950 నవంబరు 22న జరిగినది. అందులో ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు 19-18 తేడాతో మినియాపొలిస్ లేకర్స్‌పై గెలిచినది. అది గొప్ప రక్షణకు ఉదాహరణ కాదు. లేకర్స్ వద్ద జార్జ్ మైకన్ వంటి ఎత్తరి ఉన్నందున, పిస్టన్స్ ఆటగాళ్ళు షాట్ వేయకుండా బంతిని చేతిలో పట్టుకుని కాలం గడిపారు. అప్పటికి షాట్ క్లాక్ లేదు. ఇటువంటి ఆటతో ప్రేక్షకులు విసిగిపోవడంతో సిరాక్యూస్ నేషనల్స్ జట్టు యజమాని డానీ బియాసోన్ చొరవపై 1954-55 సీజన్లో 24 సెకన్ల నియమం వచ్చినది. ఒక మ్యాచ్‌లోని 2,880 సెకన్లను, చూడముచ్చటైన మ్యాచ్‌లో రెండు జట్లూ కలిసి వేసే సుమారు 120 షాట్లతో భాగించి ఆ అంకెను రాబట్టారు. ఆ ఒక్క మార్పుతో జట్టు సగటు 79.5 నుండి 93.1కి ఎగబాకినది. ఏ ఒక్క రక్షకుడూ ఆ వేసవిలో తన విద్య మరచిపోలేదు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ 1961-62 సీజన్. ఆ ఏడాది జట్టు సగటు 118.8 పాయింట్లు. నేటికీ అదే అత్యధికం. విల్ట్ చాంబర్లేన్ ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు చేసినది ఆ సీజన్లోనే, 1962 మార్చి 2న. పాయింట్లనే ప్రమాణంగా తీసుకుంటే రక్షణ అత్యంత బలహీనంగా ఉన్న కాలం అదే కావాలి. కాని చరిత్రలోకెల్లా గొప్ప రక్షకుడని పేరొందిన బిల్ రస్సెల్ బోస్టన్ సెల్టిక్స్ తరఫున ఆడుతూ 13 సీజన్లలో 11 ఛాంపియన్‌షిప్‌లు గెలిచినది కూడా ఆ కాలంలోనే. ఆనాటి ఆట పరుగుల ఆట. ఒక్కో జట్టు మ్యాచ్‌కు సగటున 100కు మించి షాట్లు వేసేది. అందులో బుట్టలో పడినవి నూటికి 43 కంటె తక్కువ. 2022-23లో ఒక జట్టు సగటున 88 షాట్లు వేసి, నూటికి 47కు పైగా సఫలం చేసినది.

అందువలన గణాంక నిపుణులు మ్యాచ్‌ను వదలి, 100 వంతులకు వచ్చిన పాయింట్లను లెక్కిస్తారు. ఈ లెక్క చూపే చిత్రం ఆసక్తికరమైనది. 1984-85లో జట్టు సగటు మ్యాచ్‌కు 110.8 పాయింట్లు కాగా, 100 వంతులకు సుమారు 108 పాయింట్లు. 1998-99లో ఇవి 91.6కు, సుమారు 102కు పడిపోయినవి. 2003-04లో 100 వంతులకు సుమారు 103. అక్కడి నుండి పెరుగుతూ 2018-19లో సుమారు 110కి, 2022-23, 2023-24లలో సుమారు 115కు చేరినది. 1980ల నాటి అధిక పాయింట్లకు వేగం ముఖ్య కారణం. 2020ల నాటి పాయింట్లకు వేగం పాక్షిక కారణం మాత్రమే. నేటి జట్టు తనకు దక్కిన ప్రతి వంతునూ మునుపెన్నడూ లేనంత లాభసాటిగా వాడుకుంటున్నది. క్షీణత గురించి మాట్లాడేవారి వాదనకు గట్టి ఆధారం ఇక్కడ ఉన్నదే గాని 170-160 వంటి అరుదైన స్కోర్లలో లేదు.

1990ల మోటు ఆట

క్షీణత అనే మాట ఎప్పుడూ దేనితోనో పోల్చి చెప్పవలసినదే. ఈ చర్చలో ఆ పోలిక దాదాపు ఎల్లప్పుడూ 1988 నుండి 2004 వరకు గల కాలంతోనే జరుగుతుంది. 1989, 1990 సంవత్సరాలలో ఛాంపియన్లైన డెట్రాయిట్ పిస్టన్స్‌ను చెడ్డ కుర్రాళ్ళు అని పిలిచేవారు. శిక్షకుడు చక్ డేలీ చికాగో ఆటగాడు మైకేల్ జోర్డాన్‌ను ఆపడానికి ప్రత్యేక పథకమే రచించాడు. జోర్డాన్ ఎటు కదిలితే అటు ఇద్దరు ముగ్గురు చుట్టుముట్టడం, బుట్ట వైపు దూకితే ఒంటితో ఢీకొనడం ఆ పథకంలో భాగం. 1990లలో పాట్ రైలీ శిక్షణలో న్యూయార్క్ నిక్స్ ఈ పద్ధతిని కొనసాగించినది. 1994 ఫైనల్స్‌లో హ్యూస్టన్, న్యూయార్క్ ఏడు మ్యాచ్‌లు ఆడగా, ఒక్కదానిలో కూడా ఏ జట్టూ 100 పాయింట్లు చేయలేదు. హ్యూస్టన్ 4-3తో గెలిచినది.

ఈ ఆటకు అభిమానులు ఎందరున్నారో విసిగినవారూ అందరున్నారు. యజమానులకు జరిగిన కార్మిక వివాదం వలన 50 మ్యాచ్‌లకు కుదించబడిన 1998-99 సీజన్లో సగటు 91.6 పాయింట్లకు పడిపోయినది. షాట్ క్లాక్ వచ్చిన తరువాత అంత తక్కువ సగటు మరెన్నడూ లేదు. జోర్డాన్ రెండవసారి విరమించుకున్న సమయం కూడా అదే. చూసేవారిని నిలుపుకోవడమెలా అనే ప్రశ్న సంఘం ముందు నిలిచినది.

నిబంధనల మార్పులు

రక్షకుని చేయి

పాత ఆటలో రక్షకుని ప్రధాన ఆయుధం అతని చేయి. బంతి తట్టుకుంటూ ఎదురుగా వచ్చే ఆటగాని నడుముపై అరచేతినో మోచేతి ముందు భాగాన్నో ఆనించి, అతడు ఏ వైపు కదలబోతున్నాడో చర్మంతోనే పసిగట్టి, వేగాన్ని తగ్గించి, తనకు అనుకూలమైన వైపు నడిపించేవాడు. దీనిని హ్యాండ్ చెక్కింగ్ అంటారు. కన్ను చూసి కాలు కదిలేలోగా పోయే అరక్షణాన్ని ఈ స్పర్శ మిగిల్చేది. అందుచేతనే కాళ్ళలో అంత చురుకు లేని బలశాలి కూడా మంచి రక్షకుడు కాగలిగేవాడు.

1978-79లోనే దీనిపై నిషేధం వచ్చినా ఆచరణలో సడలిపోయినది. 1994-95లో తన వైపు బుట్ట వెనుక గీత నుండి ఎదుటి వైపు ఫ్రీ త్రో గీత వరకు చేయి ఆనించరాదన్నారు. 1997-98లో బుట్టకు అభిముఖంగా ఉన్న ఆటగాని కదలికను మోచేతి ముందు భాగంతో అడ్డుకోవడం నిషేధించబడినది. ఆ సీజన్లోనే బుట్ట కింద నాలుగు అడుగుల వ్యాసార్ధం గల అర్ధవలయం గీశారు. అందులో నిలబడిన రక్షకునికి, దూసుకువచ్చినవాడు తనను గుద్దాడని ఫౌల్ కోరే హక్కు లేదు. 1999-2000లో నియమం ఇంకా బిగిసినది. చివరకు 2004-05లో హ్యాండ్ చెక్కింగ్‌పై కఠినంగా ఉండాలని రిఫరీలకు స్పష్టమైన ఆదేశాలు వెళ్ళినవి.

ఫలితం వెంటనే కనిపించినది. ఒక్క ఏడాదిలో జట్టు సగటు 93.4 నుండి 97.2కు పెరిగినది. మైక్ డి'ఆంటోని శిక్షణలో ఫీనిక్స్ సన్స్ మ్యాచ్‌కు 110.4 పాయింట్లతో 62 విజయాలు సాధించినది. ఆ జట్టుకు చెందిన ఆరడుగుల మూడంగుళాల స్టీవ్ నాష్ 2005, 2006 సంవత్సరాలలో వరుసగా అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యాడు. 2006 జనవరి 22న కోబీ బ్రయంట్ టొరంటోపై 81 పాయింట్లు చేశాడు. పొడవైన సెంటర్ల చేతిలో ఉన్న ఆట బంతి నడిపే గార్డుల చేతికి వచ్చినది. పాత నియమాల చివరి ఛాంపియన్ 2004 నాటి డెట్రాయిట్. ల్యారీ బ్రౌన్ శిక్షణలో, బెన్ వాలెస్ వంటి రక్షకునితో ఆడిన ఆ జట్టు ఆ సీజన్లో ప్రత్యర్థులకు మ్యాచ్‌కు 84.3 పాయింట్లే ఇచ్చినది. వరుసగా ఐదు మ్యాచ్‌లలో ఎదుటి జట్టును 70 పాయింట్లు కూడా చేయనివ్వలేదు. ఆ జట్టు గెలిచిన కొద్ది నెలలకే నియమం మారడాన్ని డెట్రాయిట్ అభిమానులు కాకతాళీయమని ఒప్పుకోరు. అయితే మార్పుల క్రమం అంతకు పదేళ్ళ ముందే మొదలైనదన్నది పై వివరాల వలన స్పష్టము.

జోన్ రక్షణ

అన్ని మార్పులూ దాడికే మేలు చేసినవని అనుకోవడం కూడా పొరపాటే. 2001 వరకు ఎన్.బి.ఏ.లో ప్రతి రక్షకుడూ ఒక నిర్దిష్ట ఆటగాని వెంట ఉండి తీరవలసి ఉండేది. మనిషిని వదలి స్థలాన్ని కాయడం, అనగా జోన్ రక్షణ, చట్టవిరుద్ధము. దాడి జట్లు దీనిని తెలివిగా వాడుకునేవి. షాట్ వేయలేని ముగ్గురిని ఒక పక్కకు పంపితే వారి రక్షకులూ అటే పోవలసి వచ్చేది. రెండవ పక్క ఖాళీలో ప్రధాన ఆటగాడు ఒక్కడే ఒక్కనితో తలపడేవాడు. చెడుగుడులో కూతకు వచ్చినవాని చేయి పట్టినవాడు తప్ప మిగిలిన ఆరుగురూ గీత వద్దనే నిలబడాలని నియమం పెట్టినట్లుండేది ఆ పరిస్థితి. జెర్రీ కొలాంజెలో నాయకత్వంలోని సంఘం సిఫారసు మేరకు 2001-02 నుండి జోన్ అనుమతించబడినది.

దానికి తోడుగా ఒక గొళ్ళెం కూడా పెట్టారు. చేతికందే దూరంలో ప్రత్యర్థి లేకుండా ఏ రక్షకుడూ పెయింట్‌లో మూడు సెకన్లకు మించి నిలవరాదు. నిలిస్తే ఎదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో, దానితోపాటు బంతి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య నియమాలలో ఈ నిషేధం లేదు. అక్కడ ఏడడుగుల మనిషి బుట్ట కిందనే కాపు కాయవచ్చును. ఐరోపాలో ఆడి వచ్చిన స్లొవేనియా ఆటగాడు లూకా డాంచిచ్ ఎన్.బి.ఏ.లో పాయింట్లు చేయడమే సులభమని బహిరంగంగా అన్నాడు. మూడు సెకన్ల నియమం ఆ మాటకు ఒక కారణంగా తీసుకోవచ్చును.

జోన్ అనుమతిని రక్షణ వైపు బాగా వాడుకున్నవాడు టామ్ థిబోడో. 2008లో ఛాంపియన్ అయిన బోస్టన్‌కు సహాయ శిక్షకునిగా అతడు, బంతి ఉన్న వైపుకు అదనపు రక్షకుని జరిపి దారి మూసే పద్ధతిని పదును పెట్టాడు. కొన్నేళ్ళలోనే అనేక జట్లు దీనిని అనుసరించినవి. 2011-12లో జట్టు సగటు మళ్ళీ 96.3 పాయింట్లకు దిగివచ్చినది. అంటే 2004 నాటి నియమాలతోనే రక్షణ ఓడిపోలేదు. ఆ నియమాలున్నా అది ఎనిమిదేళ్ళలో తిరిగి నిలదొక్కుకున్నది.

మూడు పాయింట్ల గీత

రక్షణను అసలు దెబ్బతీసినది ఒక కూడికల లెక్క. మూడు పాయింట్ల గీత 1979-80లో ప్రవేశపెట్టబడినది. అది బుట్టకు ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాల దూరంలోను, మూలలలో 22 అడుగుల దూరంలోను ఉంటుంది. తొలి ఏడాది ఒక్కో జట్టు మ్యాచ్‌కు మూడు కూడా వేయలేదు. దానిని చాలామంది శిక్షకులు వినోదంగానే చూశారు. 2003-04లో ఆ సంఖ్య సుమారు 15కు, 2012-13లో 20కి, 2018-19లో 32కు, 2024-25లో 37కు పైగా పెరిగినది.

లెక్క ఇది. మధ్య దూరం నుండి రెండు పాయింట్ల షాటు నూటికి 42 పడినదనుకుంటే ఒక్కో షాటుకు సగటున 0.84 పాయింట్లు. గీత వెలుపల నుండి నూటికి 36 మాత్రమే పడినా 1.08 పాయింట్లు. తక్కువ సార్లు సఫలమయ్యే షాటే ఎక్కువ లాభం. పాత రక్షణ సిద్ధాంతమంతా ప్రత్యర్థిని బుట్టకు దూరంగా నెట్టి, దూరపు షాటు వేయించడంపై ఆధారపడినది. దూరపు షాటే లాభసాటి అయిన నాడు ఆ సిద్ధాంతం తలక్రిందులైనది. 2013-14 నాటికి అన్ని మైదానాలలోను ఆటగాళ్ళ కదలికలను నమోదు చేసే కెమెరాలు అమర్చబడి, ఏ చోటు నుండి ఏ షాటు ఎంత విలువైనదో జట్లన్నిటికీ తెలిసిపోయినది.

స్టెఫెన్ కర్రీ 2015-16లో 402 మూడు పాయింట్ల షాట్లు సఫలం చేశాడు. అతని జట్టు గోల్డెన్ స్టేట్ 73 మ్యాచ్‌లు గెలిచి 9 మాత్రమే ఓడినది. హ్యూస్టన్ 2017-18లో తన షాట్లలో సగానికి పైగా గీత వెలుపల నుండే వేసిన మొదటి జట్టయినది. ఆ పద్ధతిలోని ప్రమాదం కూడా ఆ జట్టే చూపించినది. 2018 మే 28న గోల్డెన్ స్టేట్‌తో నిర్ణాయక మ్యాచ్‌లో వరుసగా 27 మూడు పాయింట్ల షాట్లు తప్పి ఇంటిదారి పట్టినది. అయినా మిగిలిన జట్లు వెనుకంజ వేయలేదు. 2024-25లో బోస్టన్ సగటున మ్యాచ్‌కు 48 వేసినది.

మైదానం కొలతలు మారకపోయినా రక్షకుడు కాయవలసిన స్థలం ఈ విధంగా పెరిగినది. 1994లో బుట్టకు 24 అడుగుల దూరంలో నిలబడిన ప్రత్యర్థి సెంటర్‌ను వదిలివేసి పెయింట్‌లో సాయం చేయవచ్చు. 2020లలో ఆ సెంటర్ కూడా షాట్ వేయగలడు. సాయానికి రెండడుగులు వేసిన రక్షకుడు తిరిగి తన మనిషిని చేరేలోగా బంతి గాలిలో ఉంటుంది. థిబోడో పద్ధతిని కరిగించినది ఇదే.

సాధారణంగా వినిపించే ఒక ఆరోపణ ఇక్కడ పరిశీలించదగినది. రిఫరీలు ప్రతిదానికీ ఫౌల్ ఊదడం వలననే పాయింట్లు పెరిగినవని అంటారు. అంకెలు దీనిని సమర్థించవు. 2004-05లో ఒక్కో జట్టు మ్యాచ్‌కు సుమారు 26 ఫ్రీ త్రోలు వేయగా, 2023-24లో సుమారు 22 మాత్రమే వేసినది. నియమాల ప్రభావం ఊదిన ఈలలలో కంటె ఊదుతారన్న భయంతో రక్షకుడు ముట్టుకోకుండా వదిలినచోట ఎక్కువగా కనిపిస్తుంది.

రక్షకుల బ్రతుకుతెరువు

ఈ మార్పుల భారం కొందరు ఆటగాళ్ళపై నేరుగా పడినది. ఏడడుగుల రెండంగుళాల రాయ్ హిబ్బర్ట్ ఇండియానా తరఫున బుట్ట వద్ద నిట్టనిలువుగా ఎగిరి షాట్లను అడ్డుకోవడంలో దిట్ట. 2014లో ఆల్-స్టార్‌గా ఎంపికై, ఉత్తమ రక్షకుని పురస్కారానికి జరిగిన ఓటింగ్‌లో రెండవ స్థానంలో నిలిచాడు. ప్రత్యర్థి జట్లు తమ సెంటర్‌ను గీత వెలుపలకు తీసుకుపోవడం నేర్వగానే అతని విద్యకు గిరాకీ పోయినది. 2016-17 అతని ఆఖరి సీజన్. అప్పటికి అతని వయస్సు 30 సంవత్సరాలు.

మెంఫిస్ ఆటగాడు టోనీ ఆలెన్ కథ మరో రకము. గార్డులను కట్టడి చేయడంలో అతనికి సాటి లేరని సాటి ఆటగాళ్ళే చెప్పేవారు. 2012, 2013, 2015లలో ఉత్తమ రక్షకుల మొదటి జట్టులో చోటు పొందాడు. 2015 ప్లేఆఫ్స్‌లో గోల్డెన్ స్టేట్ అతనిని కాయడానికి సెంటర్ ఆండ్రూ బోగట్‌ను పెట్టినది. బోగట్ అతని దగ్గరకే పోలేదు. ఆలెన్ దూరపు షాట్లు వేయలేడు గనుక అతనిని ఒంటరిగా వదిలి పెయింట్‌లోనే నిలబడ్డాడు. మెంఫిస్ దాడి అయిదుగురితో కాక నలుగురితో సాగినట్లయినది. రక్షణలో ఎంత గొప్పవాడైనా దాడిలో షాటు వేయలేనివానికి చోటు లేదని ఆ పోటీతో అందరికీ తెలిసినది. కేవలం అడ్డుకోవడమే వృత్తిగా బ్రతికిన ఆటగాళ్ళ తరగతి ఆ తరువాత బాగా తగ్గిపోయినది. రక్షణ క్షీణించినదన్న మాటలో నిజమున్న చోటు బహుశా ఇదే. విద్య నశించలేదు గాని, ఆ ఒక్క విద్యతో జీతం దొరకడం అరుదైనది.

కొత్త రక్షణ

మారిన ఆటకు తగిన రక్షణ కూడా రూపొందినది. దాడి జట్టులో ఒకడు రక్షకుని దారికి అడ్డంగా నిలిచి, బంతి ఉన్నవానిని తప్పించడాన్ని స్క్రీన్ అంటారు. పూర్వం రక్షకులు దానిని తోసుకుంటూనో చుట్టి వచ్చో తమ మనిషిని తిరిగి అందుకునేవారు. ఇప్పుడు ఇద్దరు రక్షకులు ఒకరి మనిషిని మరొకరు మార్చుకుంటారు. దీనికి స్విచ్ అని పేరు. ఇందుకు జట్టులో ప్రతి ఒక్కరూ పొట్టి గార్డునూ పొడవైన సెంటర్‌నూ కాయగలగాలి. ఆరడుగుల ఆరంగుళాల డ్రేమండ్ గ్రీన్ సెంటర్ స్థానంలో ఆడుతూ 2017లో ఉత్తమ రక్షకుడయ్యాడు. మునుపటి తరంలో ఇది ఊహకందని విషయం.

దాడి జట్లు దీనికీ విరుగుడు కనుగొన్నవి. ఎదుటి ఐదుగురిలో అందరికంటె బలహీనమైన రక్షకుని ఎంచుకుని, పదేపదే స్క్రీన్లు పెట్టి, అతడే తమ ప్రధాన ఆటగానికి ఎదురుపడేలా చేస్తారు. రక్షణ ఐదుగురి సగటు కాదు, వారిలో అతి బలహీనుని స్థాయి అన్నట్లు అయినది. 2019 ఫైనల్స్ రెండవ మ్యాచ్‌లో టొరంటో శిక్షకుడు నిక్ నర్స్ నలుగురిని చతురస్రంగా నిలిపి, ఒక్కనిని మాత్రం కర్రీ వెంట పంపాడు. అమెరికా పాఠశాల పోటీలలో కనిపించే ఈ పాత ఎత్తు వృత్తి ఆటలో పనికివస్తుందని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. ఆ సంవత్సరం టొరంటోయే ఛాంపియన్.

శ్రద్ధ లోపించిన సందర్భాలు

ఆటగాళ్ళ శ్రద్ధ పైన చేసే విమర్శ పూర్తిగా నిరాధారమని చెప్పలేము. 82 మ్యాచ్‌ల సుదీర్ఘ సీజన్లో, వరుస రాత్రుల ప్రయాణాల మధ్య, రక్షణలో తీవ్రత ప్లేఆఫ్స్‌లో ఉన్నట్లు ఉండదు. ఇది పూర్వం కూడా ఉన్నదే. 1983 డిసెంబరు 13న డెట్రాయిట్ 186-184తో డెన్వర్‌పై గెలిచిన మ్యాచ్, మూడు అదనపు సమయాలతో కలిపి, అత్యధిక పాయింట్ల రికార్డుగా నిలిచినది. దాని తరువాతి స్థానం 2023 ఫిబ్రవరి 24న రెండు అదనపు సమయాలతో జరిగిన సాక్రమెంటో, లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ మ్యాచ్‌ది. అందులో సాక్రమెంటో 176-175తో గెలిచినది. 2024 జనవరిలో జోయెల్ ఎంబీడ్ 70, డాంచిచ్ 73 పాయింట్లు చేయడం కేవలం నాలుగు రోజుల వ్యవధిలో జరిగినది.

నిజంగా రక్షణ మాయమైనది ఆల్-స్టార్ మ్యాచ్‌లో. 2024 ఫిబ్రవరి 18న ఇండియానాపొలిస్‌లో తూర్పు జట్టు 211-186తో పశ్చిమ జట్టును ఓడించినది. ఆ పోటీలో ఒక జట్టు 200 దాటడం అదే ప్రథమం. బుట్ట వైపు వస్తున్నవానికి దారి ఇచ్చి పక్కకు తొలగిన దృశ్యాలు పెక్కు కనిపించినవి. మరుసటి సంవత్సరం సంఘం ఆ పోటీ స్వరూపాన్నే మార్చి, నాలుగు జట్ల మధ్య ముందుగా 40 పాయింట్లు చేసినవారే విజేతలనే పద్ధతిలో నిర్వహించినది. ఫలితానికి విలువ లేని ఈ ప్రదర్శన మ్యాచ్‌ను చూపి మొత్తం లీగ్‌పై తీర్పు చెప్పడం మాత్రం తగదు.

సంఘం చేసిన దిద్దుబాట్లు

దాడికి కొమ్ము కాసిన నియమాలను సంఘం ఆ తరువాత కొంతమేర సవరించినది. షాట్ వేసేటప్పుడు కాలు పక్కకు చాపి, లేదా అకస్మాత్తుగా ఆగి వెనుకకు పడి, రక్షకుడు తనను తాకేలా చేసి ఫౌల్ సంపాదించే విద్యలో కొందరు ఆటగాళ్ళు ఆరితేరారు. 2021-22 నుండి ఇటువంటి అసహజ కదలికలకు ఫౌల్ ఇవ్వరాదని రిఫరీలకు సూచించారు. తాకకుండానే పడిపోయినట్లు నటించేవారికి మ్యాచ్‌లోనే శిక్ష విధించే పద్ధతి 2023-24లో వచ్చినది. అదే సీజన్లో ఆల్-స్టార్ విరామం తరువాత రిఫరీలు ఒరిపిడిని కొంత ఎక్కువగా అనుమతించడంతో ఫౌళ్ళు, పాయింట్లు రెండూ స్పష్టంగా తగ్గినవి. ఆ ఫిబ్రవరిలో ఆటగాళ్ళకు కొత్త విద్యలు రాలేదు. రక్షణ బలం ఎంతవరకు రిఫరీ ఈలపై ఆధారపడి ఉన్నదో చెప్పడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

2024-25 సీజన్

మూడు పాయింట్ల షాట్లు రికార్డు స్థాయిలో పడుతున్న 2024-25 సీజన్లో ఓక్లహోమా సిటీ థండర్ 68 మ్యాచ్‌లు గెలిచి 14 ఓడినది. ప్రత్యర్థులపై మ్యాచ్‌కు సగటున 12.9 పాయింట్ల ఆధిక్యం చూపినది. ఇది ఎన్.బి.ఏ. రికార్డు. వంతుల లెక్కన ఆ ఏడాది అత్యుత్తమ రక్షణ కూడా ఆ జట్టుదే. లూ డార్ట్, అలెక్స్ కరూసో, కేసన్ వాలెస్ వంటి వారు బంతి తట్టేవాని చేతుల మధ్య నుండే దానిని లాగివేయడంలోను, వెనుక చెట్ హోమ్‌గ్రెన్ బుట్టను కాయడంలోను నేర్పరులు. వీరందరికీ దూరపు షాటు వేయడం కూడా వచ్చును. ఆలెన్‌కు లేనిది అదే. 2025 జూన్ 22న ఇండియానాపై ఏడవ మ్యాచ్ గెలిచి ఆ జట్టు ఛాంపియన్ అయినది. ఆ సీజన్లో అది ప్రత్యర్థులకు ఇచ్చిన పాయింట్ల సగటు మ్యాచ్‌కు 107.6. 2004 నాటి డెట్రాయిట్ ఇచ్చిన దానికంటె ఇది 23 పాయింట్లు ఎక్కువ.